ఎదురు కూర్చునే మనిషి

నమోదు 1

సహాయ విభాగం హైమవతి మేడం రాయమన్నారు కాబట్టి రాస్తున్నాను. రోజూ రాస్తే నా శ్రద్ధ ఎక్కడ జారిపోతోందో నాకే తెలుస్తుందట. అది ఎక్కడ జారిపోతుందో నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ తెలుసు. పట్టుకోవడం ఎలాగో చెప్పండని అడిగితే, ముందు రాయండి అన్నారు.

నా పేరు గరికిన నూకరత్నం. మంచినీటి ఇంజనీరింగ్ రెండో సంవత్సరం. ఉండేది సముద్రంలో కట్టిన ఆరో గట్టు మీద, అమ్మతో. నాకు ఏడీహెచ్‌డీ ఉందని చిన్న బడిలోనే తేల్చారు. మాత్రలున్నాయి. సరుకుల పడవ వస్తే వస్తాయి, సముద్రం బాగోలేకపోతే రావు. ఈ నెల బాగోలేదు.

పొద్దున్నే కప్పెక్కి సోలార్ పలకల మీది ఉప్పు గీకాను. గీకకపోతే మధ్యాహ్నానికి కరెంటు ఉండదు. నీళ్ల వంతుకు వెళ్లి బిందెలు తెచ్చాను. ఆ తర్వాత నుదుటికి పట్టీ కట్టుకుని గోడ ముందు కూర్చున్నాను. కాలేజీ అంటే మాకు పాఠాలు కనిపించే ఆ గోడే. పట్టీకి చిన్న దీపం ఉంటుంది. మనసు పాఠం మీద ఉంటే పచ్చగా వెలుగుతుంది, పక్కకు పోతే పసుపు అవుతుంది. పసుపు కాగానే పాఠం ఆగి, పాఠం చెప్పే గురువాణి గొంతు వస్తుంది.

"పరవాలేదు నూకరత్నం. మళ్లీ మొదటి నుంచి మొదలుపెడదాం."

అంతే, ఆ భాగం మళ్లీ మొదటికి పోతుంది. ఉప్పునీటిని పొర గుండా నెట్టడం గురించిన పాఠం ఇది. దాని మొదటి మాటలు నిద్రలో లేపి అడిగినా చెప్తాను. చివరి మాటలు ఏమిటో ఈ రోజు వరకు వినలేదు.

గురువాణి మనిషి కాదు కాబట్టి దానికి కోపం రాదు, విసుగు రాదు. నాలాంటివాళ్ల కోసమే అంత ఓపికగా తయారు చేశారట. ఆ ఓపికే నన్ను చంపుతోంది. బుర్ర ఎక్కడ పెట్టావే అని ఒక్కసారి తిట్టినా ఉలిక్కిపడి వినేదాన్ని.

నెలాఖరుకి మూడు పాఠాలు పూర్తి కాకపోతే నా సీటు రద్దవుతుంది. ఒకసారి రద్దయితే ఈ కోర్సులోకి మళ్లీ రానివ్వరు. డిగ్రీ లేనివాళ్లను నీళ్ల ప్లాంటు గేటు దాటనివ్వరు. నాకు ఆ ప్లాంటు కావాలి. చిన్నప్పుడు వంతుకు వెళ్లి పైపుకి చెవి ఆనించి నిలబడేదాన్ని, వెనకవాళ్లు తిట్టి తోసేదాకా. సముద్రం అటు నుంచి లోపలికి వెళ్లి ఇటు నుంచి తాగే నీళ్లయి వస్తుంటే, మధ్యలో ఏం జరుగుతోందో చూడాలని అప్పటి నుంచీ ఆశ.

ఈ రోజుకి పూర్తయిన పాఠాలు: ఏమీ లేవు.

నమోదు 2

హైమవతి మేడం సలహాలు పంపారు. గదిలో వస్తువులు తగ్గించాలి, తలుపు వేసుకోవాలి, ఒంటరిగా, ప్రశాంతంగా ఉండాలి. అన్నీ చేశాను. అమ్మ పెట్టె, గిన్నెల బుట్ట, ఆఖరికి దేవుడి పటం కూడా బయట పెట్టాను. అమ్మ చూసి ఇల్లు ఖాళీ చేస్తున్నామా అని అడిగింది.

ఖాళీ గదిలో కూర్చుంటే తెలిసింది, నాకు ఖాళీ గదిని మించిన గోల లేదు. చూడటానికి ఏమీ లేకపోతే నా బుర్ర తనే తిరనాళ్లు పెట్టుకుంటుంది. గోడ మీద చెమ్మ మరక చేపలా ఉంది. అది ఏ చేప, దానికి మొప్ప ఎటువైపు ఉండాలి, మొప్పల్లో ఉప్పు ఎలా ఆగుతుంది. ఇదంతా పాఠానికి సంబంధించినదే కదా అని నాకనిపించేలోగా దీపం పసుపైంది.

"పరవాలేదు నూకరత్నం."

పట్టీ పీకి గోడకేసి కొట్టాను. విరగలేదు. అవి విరగకుండా చేస్తారు, ఆ మాత్రం అనుభవం వాళ్లకూ ఉన్నట్టుంది.

సాయంత్రం ఎల్లాజీ వచ్చాడు. పక్క వరసలో ఉంటాడు, నా ఈడువాడే. వాడిది చేపల పెంపకం కోర్సు. వాడికీ నాకున్నదే ఉంది, ఇద్దరికీ ఒకే పడవలో మాత్రలు వస్తాయి. కానీ వాడికి ఈ చదువు అన్నం తిన్నంత సులువు. ఎలారా అని అడిగాను.

"నాకిదే బాగున్నాదే రత్నం. మంచం కింద దూరి డబుల్ స్పీడు ఎట్టీసుకుంటాను. నచ్చినంత ఇంటాను, నేకపోతే ఒగ్గేసి ఈతకెల్లిపోతాను. మల్లీ వచ్చి ఇంటాను. బెంచీ మీద కూకోమంటే ఈపాటికి సచ్చీవోన్ని."

వాడికి ఎవరూ లేకపోవడమే వరం. నాకు అదే శాపం. ఇద్దరికీ డాక్టరు చీటీ మీద ఒకే పేరు రాసిచ్చాడు. దాన్నిబట్టి ఇద్దరికీ ఒకే సలహా వస్తుంది. హైమవతి మేడం, మీరు ఇది చదువుతుంటే ఈ వాక్యం దగ్గర కాసేపు ఆగండి.

నమోదు 4

మూడోది రాశాను. ఎక్కడ పెట్టానో తెలియదు.

ఒంటరితనం పడటం లేదని ఫిర్యాదు చేస్తే సహాయ విభాగం నాకొక తోడుని పంపింది. గోడ మీద ఒక అమ్మాయి బొమ్మ. చేతిలో పుస్తకం పట్టుకుని నాకు ఎదురుగా కూర్చుని చదువుకుంటూ ఉంటుంది. అప్పుడప్పుడు తలెత్తి నవ్వుతుంది. ఆ నవ్వు ఎప్పుడెప్పుడు వస్తుందో కనిపెట్టడంలో పొద్దు గడిచిపోయింది.

బొమ్మతో ఉన్న చిక్కేమిటో నాకు తెలుసు, మాటల్లో పెట్టడమే కష్టం. నేను లేచి వెళ్లిపోతే దానికేమీ కాదు. దాని పని ఆగదు. అలాంటప్పుడు అది ఉన్నా లేనట్టే. తీసేయమని రాశాను. "మీ అభిప్రాయానికి ధన్యవాదాలు" అని వచ్చింది.

నమోదు 5

ఒక పాఠం పూర్తయింది. పూర్తిగా, చివరి మాట వరకు. ఆ చివరి మాటలు "దీనికి ఇంత ఒత్తిడి అవసరం" అని. ఇన్నాళ్లు నేను చచ్చిపోయింది ఆ నాలుగు మాటల కోసమా అని ఏడవాలో నవ్వాలో తెలియలేదు.

ఎలా జరిగిందో రాస్తాను. అమ్మ పేరు కాసులమ్మ. సముద్రంలో చేపలు పెంచే పంజరాలుంటాయి కదా, వాటి వలలు చిరిగితే కుట్టడం అమ్మ పని. వల ఒక్కరు కుట్టరు. ఒకరు కుడుతుంటే ఇంకొకరు ఎదురు కూర్చుని కొస బిగించి పట్టుకోవాలి. ఆ మనిషిని ఎదురు అంటారు. ఎదురు ఏమీ చేయక్కర్లేదు, వదలకుండా ఉంటే చాలు. కానీ ముడుల వరస అయ్యేదాకా లేవకూడదు. మధ్యలో లేస్తే ముడులన్నీ వదులైపోతాయి, వల కుట్టేవాళ్లు దాన్ని అపశకునంగా కూడా చూస్తారు. మా గట్టు మీద ఇంటికి అగ్గి అంటుకున్నా వరస ముగించే లేస్తారు.

అమ్మకు ఎదురు కూర్చునే సింహాచలం పిన్ని కూతురి పురిటికి వెళ్లింది. అమ్మ వలతో సహా నా గదిలోకి వచ్చింది.

"కాళీగానే కూకున్నావు కదా, ఈ కొస అట్టుకో."

"అమ్మా, నేను చదువుకుంటున్నాను."

"సదుకో. నోటితో అట్టుకోమన్నానా? సేతులతో అట్టుకో."

కొస పట్టుకుని బొటనవేలికి చుట్టుకున్నాను. పాఠం మొదలైంది. మనసు గోడ మీది మరక వైపు పోబోయింది. అమ్మ అటు నుంచి దారం లాగగానే వేలి దగ్గర చిన్నగా గుంజింది, మళ్లీ పాఠంలోకి వచ్చాను. కాళ్లు లేచి వెళ్దామన్నాయి. వరస కాలేదు కాబట్టి లేవలేదు. అమ్మ నా వైపు చూడను కూడా లేదు. ఆవిడ పని నా చేతిలో ఉంది, అంతే. ఎప్పుడు చూసినా దీపం పచ్చగానే ఉంది.

పాఠం అయ్యాక అమ్మను పట్టుకుని గిరగిరా తిప్పాను. వల చిక్కుపడిందని తిట్టింది. చాలా సంతోషంగా ఉంది. అది కూడా రాయాలి కదా.

నమోదు 6

రద్దు చేశారు.

గదిలో రెండో వ్యక్తి ఉన్నట్టు పట్టీ పసిగట్టిందట. చదువు గదిలో ఇంకొకరు ఉంటే అది కాపీ కింద లెక్క. పాఠం చెల్లదు. ఇంకోసారి జరిగితే నెలాఖరు దాకా ఆగరు, సీటు అప్పుడే పోతుంది.

హైమవతి మేడంతో మాట్లాడాను. మంచావిడే. ఆ మంచితనం మీద కూడా ఇప్పుడు కోపంగా ఉంది.

"మీ అమ్మగారు జవాబులు చెప్పలేదని నేను నమ్ముతాను నూకరత్నం గారూ. కానీ రూలు అలా ఉంది."

"మా అమ్మకి పొర అంటే పాల మీద పొరే తెలుసండీ. ఆవిడ నాకేం చెప్తుంది?"

"అర్థమైంది. మరి అదే పద్ధతిలో మా తోడు బొమ్మను వాడి చూస్తే?"

"బొమ్మకి వల ఇచ్చి పంపుతారా?"

ఆవిడ ఏదో రాసుకున్నారు. తర్వాత, మీ ఇబ్బందిని పైకి రాస్తాను అన్నారు. పైనుంచి జవాబు వచ్చేసరికి నెలాఖరు వెళ్లిపోతుందని ఆవిడకీ తెలుసు, నాకూ తెలుసు. నాకు పనికొచ్చే మందు ఒక్కటి దొరికింది, అది వీళ్ల దగ్గర నేరం. నాకు సహాయం చేయడానికి ఒక విభాగమే ఉంది, ఒక మనిషి పక్కన కూర్చునే సహాయం తప్ప అన్నీ చేస్తుంది. ఇంతకన్నా రాస్తే బూతులు వస్తాయి.

నమోదు 7

ఎల్లాజీ మంచం కింద పడుకుని కాలేజీ రూల్స్ మొత్తం చదివాడు. చదవమన్న పుస్తకం చదవడు, అవసరం లేనిదైతే అట్టతో సహా చదువుతాడు. ఈసారి అది అవసరమైంది.

"జంట ఇద్యార్థులని ఉన్నాదే రత్నం. ఒకే ఇల్లు, ఒకే గోడ, ఒకే కోర్సు అయితే సాలు, ఏ ఏడాదోళ్లయినా ఇద్దరు కలిసి కూకోవచ్చు. మొగుడూ పెళ్లాల కోసం ఎట్టుంటారు."

"నాకు మొగుడెక్కడున్నాడురా?"

"మొగుడే అని రాయనేదు."

ఇద్దరం అమ్మ వైపు చూశాం. ఈ కోర్సులో చేరడానికి ఏ చదువూ అక్కర్లేదు, ఎవరైనా చేరొచ్చు. పూర్తి చేయడమే కష్టం. అమ్మ ఏడో తరగతిలో బడి మానేసింది.

"నాకు కాలేజీ ఏటే, నవ్వుతారు," అంది.

"నువ్వు చదవక్కర్లేదమ్మా. పేరుకే. పట్టీ కట్టుకుని వల కుట్టుకో, చాలు."

ఆ మాట చాలా తేలిగ్గా అన్నాను. అమ్మ ఒప్పుకుంది. పేరు ఎక్కించేటప్పుడు ఇంటిపేరుతో సహా తనే చెప్పింది, రెండుసార్లు.

నమోదు 8

రూలులో ఎల్లాజీ చెప్పడం మర్చిపోయిన ముక్క ఒకటుంది. జంటలో ఇద్దరి దీపాలూ పచ్చగా ఉంటేనే పాఠం నడుస్తుంది.

నాది పచ్చగానే ఉంది. కొస పట్టుకుని రాయిలా కూర్చున్నాను. పసుపైంది అమ్మది.

"పరవాలేదు కాసులమ్మ గారూ. మళ్లీ మొదటి నుంచి మొదలుపెడదాం."

మళ్లీ నడిచింది. మళ్లీ అమ్మది పసుపైంది. నా ఒక్కదానికే ఉన్న రోగం ఇప్పుడు ఇంటికి రెండయ్యింది. అర్థం కాకపోవడం వల్ల కాదట. అర్థం కాకపోతే దీపం వేరేలా మిణుకుమంటుందని గురువాణి చెప్పింది. మనసు పోవడం వల్లే పసుపు. కాసులమ్మ గారిని సహాయ విభాగం ఒకసారి పరీక్షించడం మంచిదని కూడా అంది.

హైమవతి మేడం గోడ మీదికి వచ్చి అమ్మను ప్రశ్నలడిగారు. పొయ్యి మీద కూర పెట్టి మర్చిపోతారా, ఒక పని మొదలుపెట్టి ఇంకో పనిలోకి వెళ్తారా, చిన్నప్పుడు బడిలో ఎలా ఉండేవారు. నేను పక్కన కూర్చుని వింటున్నాను. అమ్మ అన్నిటికీ అవును అంది. మా గట్టు మీద అమ్మను మతిమాలిన కాసులమ్మ అంటారు. నేనూ నవ్వేదాన్ని. నాకున్నది ఆకాశం నుంచి ఊడిపడిందని అనుకున్నాను.

"నూకరత్నం గారికి ఉన్నదే మీకూ ఉండి ఉంటుందండీ. పూర్తి పరీక్ష చేస్తే తేలుతుంది," అన్నారు మేడం.

అమ్మ పట్టీ విప్పి ఒళ్లో పెట్టుకుంది.

"అయితే నాకు బళ్లో ఏటీ ఎక్కకపోవడం దీనివల్లేనేటి?"

మేడం అవునన్నట్టు తలూపారు. అమ్మ లేచింది. వంటింట్లోకి వెళ్లింది, పొయ్యి వెలిగించకుండా చాలాసేపు దాని ముందు కూర్చుంది.

నాకు బాధగా ఉంది. దాని కింద ఇంకోటి కూడా ఉంది, దాచడం దేనికి. నెలాఖరు దగ్గరకొచ్చింది, ఉన్న ఒక్క దారికీ అమ్మ దీపం అడ్డమొచ్చింది.

నమోదు 9

అమ్మకి గురువాణి నచ్చింది. అదీ నాకు ఒళ్లు మండేంతగా నచ్చింది.

వల కుడుతూ మొదటి రెండు పాఠాలూ ఎలాగో దాటించాం. మొదటిది చెల్లకుండా పోయిన పాఠమే, నాకు వచ్చినదే కదా అని మనసు పోకుండా కళ్లు మూసుకుని పళ్లు బిగబట్టాను. మూడోది మిగిలింది. అందులో అమ్మకి అర్థం కాని ముక్క వచ్చినప్పుడల్లా, దీపం పచ్చగా ఉన్నా, తనే గోడకేసి "ఇంకోపాలి సెప్పండి" అంటోంది. గురువాణి తప్పకుండా అని మళ్లీ చెప్తుంది. అమ్మ ముఖం వెలిగిపోతుంది.

"సూసినావా? ఎన్నిపాల్లడిగినా ఇసుక్కోదు."

ఆరోసారో ఏడోసారో అడిగింది. నా నోట్లోంచి వచ్చేసింది.

"ఎన్నిసార్లు చెప్పాలమ్మా? బుర్ర ఎక్కడ పెట్టావు?"

అమ్మ చేతిలో దారం ఆగిపోయింది. నన్ను ఎవరో కొత్త మనిషిని చూసినట్టు చూసింది. వరస సగంలో ఉంది. అమ్మ లేచింది. నేను పుట్టాక అమ్మ వరస మధ్యలో లేవడం చూడటం ఇదే మొదటిసారి.

ముడులన్నీ వదులైపోయాయి. రెండు దీపాలూ పసుపు. పరవాలేదని గురువాణి చెప్తూనే ఉంది, ఆపేశాను.

నమోదు 10

ఆఖరి రోజు. పొద్దున్నే అమ్మ వచ్చి పట్టీ కట్టుకుంది, వల పరిచింది, కొస నా చేతిలో పెట్టింది. పాఠం మొదలుకాగానే అమ్మ దీపం పసుపు. మళ్లీ పసుపు. ఆవిడ మనసు ఎక్కడుందో చెప్పడానికి పట్టీ అక్కర్లేదు.

పాఠం ఆపేశాను.

"నిన్న అన్నది తప్పమ్మా. అలా అనకూడదు."

"నువ్వు కొత్తగా అన్నదేటి? ఏడో కలాసులో మా మేస్టారు అదే మాటన్నాడు. అందరి ముందూ నిలబెట్టి అన్నాడు. సాయంత్రం ఇంటికొచ్చి, నేను బడికెల్లనని సెప్పీసినాను. మా అమ్మ కూడా ఎల్లమనలేదు." దారం సూదికి చుట్టుకుంటూ అంది. "ఆ మాట వినకుండా పెంచుదామనే నిన్ను ఎప్పుడూ ఏటీ అననేదు."

నిజమే. పలకలు పగలగొట్టినప్పుడు, నీళ్ల వంతు మర్చిపోయినప్పుడు, బడి నుంచి రోజూ ఫిర్యాదులు వచ్చినప్పుడు కూడా అమ్మ ఆ ఒక్క మాట అనలేదు. అది నాకు ఈ రోజు తెలిసింది. ఏడుపొచ్చింది. కొస వదలకూడదు కాబట్టి ముక్కు భుజానికి తుడుచుకున్నాను.

తర్వాత పాఠాన్ని నేనే అమ్మకు చెప్పడం మొదలుపెట్టాను. నీకు ఈ వల కన్ను ఎంతుందో తెలుసుగా, దాన్ని కంటికి కనపడనంత చిన్నది చెయ్యి, నీరు దూరాలి, ఉప్పు దూరకూడదు అన్నాను. అలాగైతే ఊరికే దూరదు కదా, గట్టిగా తొయ్యాల కదా అంది. అదేనమ్మా ఒత్తిడి అన్నాను. గోడ మీద పాఠం మళ్లీ పెట్టాం. రెండూ పచ్చ. ఎక్కడైనా పసుపైతే ఆపి, నేను చెప్పి, మళ్లీ పెట్టాం. చెప్తూ ఉంటే నాకే కొన్ని కొత్తగా అర్థమయ్యాయి. వేళ్లు తిమ్మిరెక్కాయి. అన్నం ఎల్లాజీ తెచ్చి గుమ్మంలో పెట్టాడు. గదిలోకి వస్తే మూడో వ్యక్తి అవుతాడని అక్కడే ఉండిపోయాడు.

పొద్దు వాలక ముందే మూడో పాఠం పూర్తయింది. సీటు నిలబడినట్టు గోడ మీద వచ్చింది. ఎల్లాజీ గుమ్మంలోంచే ఈల వేశాడు. నాకు సంతోషం కన్నా అలసట ఎక్కువగా ఉంది, దాని వెనక ఇంకా కోపం కూడా ఉంది. ఇద్దరు మనుషులు ఒక గదిలో కూర్చోవడానికి ఇంత పోరాటం దేనికో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. పై సెమిస్టర్‌కి కూడా ఇదే యుద్ధం.

పట్టీ విప్పబోయాను. అమ్మ విప్పలేదు.

"నా మొదటి పాటం పెట్టు. మొదటి సంవత్సరం మొదటిది."

"ఇప్పుడా? అమ్మా, వల అయిపోయింది."

"వల గురించి కాదు. నువ్వు ఎదురు కూకో."

పెట్టాను. కొత్త విద్యార్థికి గురువాణి ముందుగా స్వాగతం చెప్తుంది. నేను చేరినప్పుడు ఆ ముక్క దాటేసి ముందుకు వెళ్లిపోయాను, అందరూ అదే చేస్తారు. అమ్మకి దాటేయొచ్చని తెలియదు.

"మీ పేరు చెప్తారా?" అని అడిగింది గోడ.

అమ్మ చాప మీద నుంచి లేచింది. చీర కొంగు సర్దుకుంది, చేతులు కట్టుకుంది, గోడకేసి చూస్తూ నిటారుగా నిలబడి తన పేరు, ఇంటిపేరు, తండ్రి పేరు చెప్పింది.

లేవక్కర్లేదు, కూర్చోవచ్చు అని చెప్పకుండా, నేను ఎదురు కూర్చున్నాను.